పల్లి: పడక నుంచి పల్లె దాకా

తిరుపతి నుంచి పుత్తూరు, నాగలాపురం మీదుగా ఊతుకోట వైపు వెళ్తుంటే, తమిళనాడు సరిహద్దుకి కాస్త ముందు, అరణి నది ఒడ్డున సురుటుపల్లి వస్తుంది. మొన్నమొన్నటిదాకా చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. అక్కడి గుడిలో శివుడు లింగరూపంలోనే కాక, మనిషిలా వెల్లకిలా పడుకుని కూడా దర్శనమిస్తాడు. తల పార్వతి ఒళ్ళో ఉంటుంది. హాలాహలం మింగాక ఒళ్ళు తూలి, ఇక్కడ కాసేపు నడుం వాల్చాడని కథ. ప్రదోషం నాడు మద్రాసు నుంచి కూడా జనం బస్సుల్లో దిగుతారు. స్వామి పేరు పల్లికొండేశ్వరుడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు బోర్డు మీద ఆ పేరు చదివి నాకున్న తెలుగంతా ఉపయోగించాను. పల్లి అంటే పల్లె. కొండ అంటే కొండే. పల్లెలో కొండమీది ఈశ్వరుడన్నమాట. మరి కొండ ఏదీ? చుట్టూ చూస్తే దగ్గర్లో ఎక్కడా కనబడలేదు. గుడి బయట పూలమ్ముతున్న అవ్వని అడిగాను.

"ఈడ కొండ యాడుంది నాయనా? సామి పండుకోనుండాడు కదా, అదే పళ్ళికొండ," అంది, ఇంత మాత్రం తెలీదా అన్నట్టు చూసి.

నాకు నిజంగానే తెలీదు. తమిళంలో ‘పళ్ళి కొళ్’ అంటే పడుకోవడం, కాస్త గౌరవంగా చెప్పాలంటే శయనించడం. ‘పళ్ళికొండ’ అంటే శయనించిన. మన ‘పండుకొను’లో ఉన్న ‘కొను’, ఆ ‘కొళ్’ తోబుట్టువులే. అంటే అందులో కొండా లేదు, పల్లే లేదు. ఉన్నది ఒక పడక. చెన్నై–బెంగళూరు హైవే మీద వేలూరు దాటాక టోల్‌గేటు ఉన్న పళ్ళికొండ ఊరి పేరు కూడా ఇదే. అక్కడ పడుకున్నది రంగనాథుడు.

ఇంటికొచ్చాక నిఘంటువులు తిరగేశాను. పడక అనే అర్థం అందులో ఒక మూల మాత్రమే అని అప్పుడు తెలిసింది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ ఒక్క మాట కింద ఉన్న అర్థాలు చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది: చిన్న ఊరు, పశువుల కాపరుల పల్లె, మునుల ఆశ్రమం, జైనుల బౌద్ధుల ఆలయం, పడుకునే చోటు, బడి, గది. మలయాళంలో అయితే గుడిసె, అడవిజాతుల చిన్న ఊరు, చర్చి, మసీదు, రాజుగారి మంచం కూడా. (హైదరాబాదు వాళ్ళ పల్లీలకీ దీనికీ సంబంధం లేదు. వాటిని మావైపు ఎలాగూ శెనిక్కాయలే అంటాం.)

కేరళలో క్రైస్తవుడు ఆదివారం పళ్ళికి వెళ్తాడు. ముస్లిం శుక్రవారం పళ్ళికి వెళ్తాడు. కొచ్చిలో మట్టంచేరి యూదుల ప్రార్థనామందిరం 1568 నాటిది, అదీ పళ్ళే, ‘జూదప్పళ్ళి’. హిందువుల గుడిని మాత్రం అంబలం అంటారు, క్షేత్రం అంటారు. పక్క రాష్ట్రంలో చర్చికి పెట్టుకున్న పేరు మన దగ్గర ఊరికి ఎందుకు పెట్టుకున్నారు? నిద్రపోతున్న శివుడికి ఆ రెండింటితో ఏం పని?

*

జవాబుకి దగ్గరి దారి మదురై పక్కనున్న కొండల్లో దొరుకుతుంది. మాంగుళం దగ్గర సహజమైన కొండగుహలున్నాయి. లోపల బండను చదును చేసి, వరసగా పడకలు చెక్కారు. తల పెట్టుకునే వైపు దిండులాగా కాస్త ఎత్తు వదిలారు. పైన తమిళ బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. లిపిని బట్టి క్రీ.పూ. 2వ శతాబ్దానివని ఐరావతం మహదేవన్ లెక్కగట్టాడు. నెడుంజెళియన్ అనే పాండ్యరాజు మనిషి ఒకరు ఒక జైనమునికి ఈ గుహను చేయించి ఇచ్చాడని అందులో ఉంది. ఇచ్చిన దాని పేరు ‘పళి’. తర్వాతి తమిళంలోని ‘పళ్ళి’ అదేనని పండితుల నిర్ణయం.

ఆ రాతి పడకల ఫోటో చూస్తే చాలు, ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. జైనమునికి ఇల్లు లేదు, ఆస్తి లేదు. వానాకాలం నాలుగు నెలలు తప్ప ఒకచోట నిలకడగా ఉండకూడదు. అలాంటి మనిషికి దాత ఇవ్వగలిగింది ఏమిటి? ఒళ్ళు వాల్చుకోవడానికి ఇంత చోటు. ఆ పడకే పళ్ళి, ఆ పడక ఉన్న గుహ పళ్ళి, ఆ గుహలో ఉండే మునుల సమూహం పళ్ళి. తర్వాత రాయితో, ఇటుకతో విడిగా కట్టినది కూడా పళ్ళే అయింది.

కన్నడంలో జైనాలయాన్ని బసది అంటారు. అదీ ఇలాంటి మాటే. సంస్కృతం ‘వసతి’ ప్రాకృతాల నోట నలిగి బసది అయింది. వసతి అంటే ఉండే చోటు, రాత్రి గడిపే చోటు. తిరుమలలో తెల్లారకముందే లైనులో నిలబడి ‘వసతి’ కోసం టోకెన్ తీసుకునే భక్తుడికి, తను అడుగుతున్నది ఒకప్పటి జైనమందిరం పేరని తెలిసే అవకాశం లేదు. ‘మఠం’ సంగతీ అంతే. అమరకోశం దానికి చెప్పే అర్థం చాలా మామూలుది: విద్యార్థుల్లాంటి వాళ్ళు ఉండే ఇల్లు. ఇప్పటి మాటల్లో హాస్టలు.

సన్యాసుల ఇళ్ళకి మనవాళ్ళు పెట్టిన పేర్లలో దేవుడు ఎక్కడా కనబడడు. పడుకోవడం, ఉండడం, తలదాచుకోవడం, ఇవే ఉంటాయి.

*

యూరప్‌లోనూ ఇంతే, కాకపోతే వాళ్ళు వేరే కొస నుంచి మొదలుపెట్టారు. గ్రీకులో ‘మోనోస్’ అంటే ఒంటరి. ఒంటరిగా ఉండేవాడు మోనఖోస్, అంటే సన్యాసి. వాడుండే చోటు మొనస్టీరియన్. లాటిన్‌లో అది మొనస్టేరియుం. ఇంగ్లండు చేరేసరికి అరిగి ‘మిన్‌స్టర్’ అయింది. యార్క్ మిన్‌స్టర్ చూసినవాళ్ళకి ఆ పేరు పరిచయమే. తమాషా ఏంటంటే యార్క్ మిన్‌స్టర్‌లో మఠసన్యాసుల పాలన ఎప్పుడూ లేదు. పాత ఇంగ్లీషు కాలానికే ఆ మాట, కొంతమంది మతగురువులు కలిసి నడిపే ఏ పెద్ద చర్చికైనా చెల్లిపోయింది. జర్మనీలోని ఉల్మ్ మిన్‌స్టర్ శిఖరం 161 మీటర్లు, 2025 దాకా వందేళ్ళకు పైగా ప్రపంచంలోకెల్లా ఎత్తైన చర్చి శిఖరంగా నిలిచింది. అదీ మఠం కాదు, ఊరి జనం తమ కోసం కట్టుకున్న చర్చి. జర్మనీలోనే మ్యూన్‌స్టర్ అని ఏకంగా నగరమే ఉంది. ఫ్రాన్స్‌లో ఊళ్ళకుండే ‘మోంత్రెయ్’ అనే పేరు, ‘చిన్న మఠం’ అనే లాటిన్ మాట అరగ్గా మిగిలింది.

మన పేపర్లు ‘వెస్ట్‌మినిస్టర్’ అని రాస్తాయి, మంత్రులుండే చోటు కాబట్టి అలా పిలుస్తారేమో అనిపించేలా. కానీ ఆ మాటలో మినిస్టర్ లేడు. లండన్‌కి పడమటి వైపున్న మఠం, అందుకని వెస్ట్ మిన్‌స్టర్. ఆ మఠం పక్కన రాజు కోట వెలిసింది, కోటలో పార్లమెంటు చేరింది. ఒంటరిగా ఉందామని వెళ్ళినవాడి గది పేరుతో ఇవాళ ఆరువందల చిల్లర మంది సభ్యులు అరుచుకుంటున్నారు.

తిరుపతి మనుషులు దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగి, వెంకటేశ్వరుడితో పాచికలాడాడని చెప్పుకునే హథీరాంజీ పేరు మీద ఇక్కడ ఒక మఠం ఉంది. 1843లో ఈస్టిండియా కంపెనీ హిందూ గుళ్ళ వ్యవహారంలోంచి చెయ్యి తీసేస్తూ, తిరుమల ఆలయ పాలనను ఆ మఠం మహంతు సేవాదాస్‌కి అప్పగించింది. మహంతుల ‘విచారణకర్త’ హోదా 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా నడిచింది. తొంభై ఏళ్ళు. పాచికలు తప్ప ఏమీ లేని బైరాగి పేరు, దేశంలోకెల్లా సంపన్నమైన గుళ్ళలో ఒకదాని తాళంచెవుల దగ్గరికి చేరింది. మఠం అన్న మాట అర్థం తిరుపతిలో ఎటు సాగిందో చెప్పడానికి నిఘంటువు కంటే ఈ తొంభై ఏళ్ళే బాగా పనికొస్తాయి.

*

మళ్ళీ పళ్ళి దగ్గరికొద్దాం. చోళుల కాలానికి అది పన్నుల లెక్కల్లో మాట అయిపోయింది. గుడికిచ్చిన భూమి దేవదానం, బ్రాహ్మలకిచ్చినది బ్రహ్మదేయం, జైనబౌద్ధ పళ్ళులకిచ్చినది ‘పళ్ళిచ్చందం’. మూడూ ఒకే రాజ్యంలో, ఒకే కరణాల చేతుల్లో నడిచేవి. వీటిలో అన్నిటికంటే పేరున్న కథ నాగపట్టణానిది. సముద్రం అవతలి శ్రీవిజయ రాజు చూళామణివర్మ అక్కడ ఒక బౌద్ధ విహారం తలపెట్టాడు. 1006 ప్రాంతంలో రాజరాజచోళుడు దానికి ఆనైమంగళం అనే ఊరి ఆదాయం రాసిచ్చాడు. ఆ రాగిరేకులు హాలండు చేరి లైడెన్ రేకులుగా ప్రసిద్ధమయ్యాయి. కులోత్తుంగుడి కాలపు రేకుల్లో ఆ విహారాన్ని రాజరాజ పెరుంబళ్ళి అన్నారు. పెరుంబళ్ళి అంటే పెద్ద పళ్ళి. తంజావూరు పెద్ద గుడి కట్టించిన శివభక్తుడి పేరు ఒక బౌద్ధ మఠానికుంది. అప్పట్లో అందుకు ఎవరూ నొచ్చుకున్నట్టు కనబడదు.

దానికి నూటయాభై ఏళ్ళ ముందే, 849లో, కొల్లంలో ఇంకా వింతైన పని జరిగింది. వేణాటి పాలకుడు అయ్యన్ అడిగళ్, మరువాన్ సపీర్ ఈశో అనే క్రైస్తవుడు కట్టిన చర్చికి భూమీ, మనుషులూ, సుంకాల మీద హక్కులూ ఇస్తూ రాగిరేకులు చెక్కించాడు. సాక్షులు ఎవరి లిపిలో వాళ్ళు సంతకం పెట్టారు. కొందరు అరబ్బీలో, కొందరు పహ్లవీలో, కొందరు హీబ్రూ లిపిలో. ఆ రేకుల్లో చర్చి పేరు తరిసాపళ్ళి. ‘తర్సా’ అంటే పారశీకంలో క్రైస్తవుడు, దైవభీతి కలవాడు, తరిసా దాన్నుంచే వచ్చిందంటారు. ‘పళ్ళి’కి మాత్రం అనువాదం అక్కర్లేదు. సముద్రం మీదుగా వచ్చిన కొత్త మతం వాళ్ళు ప్రార్థన చేసుకునే చోటుని ఏమనాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ ఊరి వాళ్ళకి పాతమాట ఒకటి చేతికందింది. మన గుడి కానిది, బయటి నుంచి వచ్చినవాళ్ళు గుమిగూడేది, ఇదివరకు జైనులూ బౌద్ధులూ ఉండినట్టుగా ఉండేది. అయితే అదీ పళ్ళే. తర్వాత మసీదులు వచ్చాయి, యూదులు వచ్చారు. మాట అదే సరిపోయింది. పెద్ద మనసుతో చేశారని నేను అనను. భాష సోమరిది, ఉన్న మాటతోనే పని గడుపుకుంటుంది. ఆ సోమరితనం వల్లే ఐదు మతాలు ఒకే కప్పు కిందికి వచ్చాయి.

బడి అనే అర్థం కూడా ఇదే దారిలో పుట్టినట్టుంది. మునులుండే చోట పిల్లలు చదువుకునేవాళ్ళు, అందుకే తమిళంలో, మలయాళంలో బడి పళ్ళికూటం అయింది. మిషనరీలు చర్చి పక్కన బడి కట్టారు కాబట్టి ఈ మాట వచ్చిందని కొందరు చెప్తారు, కానీ ఈ అర్థం మిషనరీల కంటే చాలా పాతది. తిరుమంగై ఆళ్వారు, హిరణ్యకశిపుడి కొడుకు చదువుకొచ్చిన చోటుని అప్పుడే పళ్ళి అన్నాడు. అంటే ప్రహ్లాదుడు వెళ్ళిన బడికీ, కొట్టాయంలో మేరీ రాయ్ నడిపిన ‘పళ్ళిక్కూడం’ బడికీ మొదటి సగం పేరు ఒకటే.

మనకి నవ్వొచ్చే విషయం ఇంకోటుంది. మనం కూడా ఇదే పని చేశాం, వందేళ్ళ లోపలే. కాన్వెంటు అంటే క్రైస్తవ సన్యాసినులుండే ఇల్లు. వాళ్ళు ఇంగ్లీషు బడులు పెట్టారు. ఇప్పుడు చిత్తూరులో గానీ మదనపల్లెలో గానీ ‘మావాడు కాన్వెంటుకి పోతాడు’ అంటే ఇంగ్లీషు మీడియం అని అర్థం. సరస్వతీ కాన్వెంటు అని బోర్డు కనబడినా ఎవరూ ఆగి చూడరు. మఠం బడి కావడానికి తమిళానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో గానీ, తెలుగులో రెండు తరాలు చాలాయి.

*

మరి తెలుగులో పల్లి ఏమైంది?

ళకారం లకారమైంది, పల్లి, పల్లె అయింది. కన్నడంలో పకారం హకారమై హళ్ళి అయింది. మారతహళ్ళిలో పీజీలో ఉండే మదనపల్లె కుర్రాడు అటూ ఇటూ ఒకే మాట మధ్య తిరుగుతున్నాడు. అర్థంలో మాత్రం ఇద్దరమూ ఊరి దగ్గరే ఆగిపోయాం. తమిళ మలయాళాల్లో ఉన్న ఆశ్రమం, ఆలయం, బడి, పడక మన పల్లెలో వినబడవు.

మన దగ్గర బౌద్ధులు లేకనా? అదేం కాదు. మనవాళ్ళు ఆ పనికి వేరే మాటలు వాడుకున్నారు, అవి వేరే దారుల్లో పోయాయి. అనకాపల్లి పక్కన శంకరం అని ఊరుంది. అక్కడి కొండమీద 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపితే స్తూపాలూ విహారాలూ బయటపడ్డాయి. ఊరి పేరులో శంకరుడు లేడు. అది ‘సంఘారామం’ అరిగిపోగా మిగిలిన ముక్క. కొండ పేరు బొజ్జన్నకొండ. అందులో ఉన్నది బొజ్జ కాదు, బుద్ధుడు. ఫ్రాన్స్‌లోని మోంత్రెయ్‌కి తెలుగు జవాబు కావాలంటే ఈ శంకరమే. మఠం కూలింది, సన్యాసులు పోయారు, పేరు ఊరికి మిగిలింది, ఊరు ఆ పేరుకి తనకి నచ్చిన దేవుణ్ణి వెతుక్కుంది.

‘విహారం’ సంగతి ఇంకా విచిత్రం. తిరగడం, ఆహ్లాదంగా గడపడం అనే పాత అర్థం నుంచి అది భిక్షువుల నివాసమైంది. బిహారు రాష్ట్రానికి పేరిచ్చింది. తెలుగులో మళ్ళీ పుట్టింటికొచ్చి విహారయాత్ర అయింది. ఇక ‘సంఘం’. బుద్ధం, ధర్మం, సంఘం అన్నప్పటి మాట. తెలుగు బైబిలు క్రైస్తవ సమాజానికి ఆ మాటనే తీసుకుంది. మన ఊళ్ళలో పాస్టరుగారు ‘సంఘ కాపరి’. కేరళ క్రైస్తవులు బౌద్ధుల కట్టడం పేరు తీసుకుంటే, తెలుగు క్రైస్తవులు బౌద్ధుల గుంపు పేరు తీసుకున్నారు. రెండుచోట్లా ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఒక తేడా మాత్రం నన్ను చాలా రోజులు పట్టి పీడించింది. నిఘంటువు చెప్పిన అర్థాలన్నిటికీ ఉమ్మడిగా ఏదో ఉండాలి కదా. కాపరుల గుడిసెలు, అడవిజాతుల ఊరు, జైనమునుల గుహ, విదేశీయుల ప్రార్థనామందిరం. వీళ్ళకి కలిసేదేంటి? వీళ్ళెవరూ ‘ఊరి’ వాళ్ళు కాదు. ఊరంటే పొలాలున్నవాళ్ళది, గుడీ చెరువూ ఉన్నది. పల్లి దాని అంచున ఉన్నది. తెలుగులో ఆ గుర్తు పూర్తిగా చెరిగిపోలేదు. కోస్తాలో చేపలు పట్టేవాళ్ళని పల్లెకారులంటారు. గుంటూరు వైపు ఊరు వేరు, పల్లె వేరు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకి పెట్టిన పేరులో ఉన్నది ఆ పల్లే. ఊరు తన బయట ఉంచిన మనుషుల చోటు. మా రాయలసీమలో పల్లె అంటే అందరుండే మామూలు ఊరు కాబట్టి, చిన్నప్పుడు ‘మాలపల్లి’ పేరు వినగానే అదేదో ఊరిపేరు అనుకున్నాను. పేరులోనే గోడ ఉందని తర్వాత తెలిసింది.

మొదటి అర్థం పడకా, గుడిసెలా అన్నది తేల్చడం నా పని కాదు. నాకు తోచింది ఇంతే: పల్లి అంటే మొదట్నుంచీ, ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళు ఒళ్ళు వాల్చిన చోటు. సన్యాసి తనంతట తాను ఊరు వదిలాడు. వర్తకుడు సముద్రం దాటి వచ్చాడు. మాలవాణ్ణి ఊరే బయట ఉంచింది. కారణాలు వేరు, ఒకదానితో ఒకటి పోల్చలేం. మాట మాత్రం ముగ్గురి దగ్గరా ఉంది.

*

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య ఊరిపేర్లు పట్టుకుని తవ్వే అలవాటు ఎక్కువైంది. ఒకరొచ్చి, పేరులో పల్లి ఉంది కాబట్టి ఇది ఒకప్పటి జైన క్షేత్రం అంటారు. ఇంకొకరు, ఫలానా గుడి ఒకప్పుడు బౌద్ధులది అంటారు. మరొకరు, ఫలానా మసీదు కింద మా గుడి ఉంది అంటారు. ఫోన్లో ఒక నిఘంటువు స్క్రీన్‌షాటు, దాని కింద యుద్ధం.

చరిత్రలో ఆక్రమణలు లేవని కాదు. నాగపట్నం పళ్ళి ఇటుక గోపురం పంతొమ్మిదో శతాబ్దం దాకా నిలబడే ఉంది. 1867లో జెసూట్ మిషనరీలు తమ కాలేజీ కట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతితో దాన్ని కూల్చేశారు. ఒక పళ్ళిని ఇంకో పళ్ళి వాళ్ళు పడగొట్టి పళ్ళికూటం కట్టుకున్నారు. ఇలాంటివి జరిగాయి. జరిగిన చోట శాసనమో, రికార్డో, ఇటుకో చెప్తుంది, దాన్ని వినాలి. కానీ పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కుదరదు. మా జిల్లాల్లో రెడ్డివారిపల్లెలూ నాయనివారిపల్లెలూ ఎన్నున్నాయో లెక్కలేదు. వాటి పేర్లలోనే ఎవరు వచ్చి స్థిరపడ్డారో రాసి ఉంది. అక్కడ జైనముని పడక కోసం వెతికితే బండలు తప్ప ఏమీ దొరకవు. మదనపల్లె పేరు చూసి మఠం ఊహించుకోవడం, నేను పల్లికొండేశ్వరుడికి కొండ వెతకడం లాంటిదే.

పదం పట్టా కాదు. పట్టాలో సరిహద్దులుంటాయి, ఒక్కడి పేరుంటుంది. పదానికి అలా ఉండవు. జైనుడి దగ్గర్నుంచి బౌద్ధుడు, వాడి దగ్గర్నుంచి క్రైస్తవుడు, ముస్లిం, యూదుడు, బడిపిల్లాడు తీసుకున్నారు, ఇచ్చినవాడి దగ్గర తగ్గిందీ లేదు. వైష్ణవులు తీసుకుని విష్ణువుని నిద్రలేపారు, తొండరడిప్పొడి ఆళ్వారు పాట పేరు తిరుప్పళ్ళియెళుచ్చి, అంటే శయనం నుంచి లేవడం. కేరళ రాజులు తీసుకుని తమ ప్రతి వస్తువు ముందూ తగిలించుకున్నారు. రాజు కత్తి పళ్ళివాళ్, రాజు వేట పళ్ళివేట. అన్నిటికంటే హక్కు ఎవరికైనా ఉందంటే, ఊరి బయట పడుకున్నవాళ్ళకే ఉంది. వాళ్ళు ఏ స్థలం మీదా దావా వెయ్యలేదు.

చివరిగా ఇంకో నిద్ర. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు ఉంది. చోళరాజ్యాన్ని పెద్దది చేసిన మొదటి ఆదిత్యుడు 907 ప్రాంతంలో అక్కడే పోయాడు. శాసనాలు అతను చనిపోయాడని అనవు, తొండైమాన్ ఆర్రూరులో నిద్రపోయిన ప్రభువు అంటాయి. కొడుకు పరాంతకుడు అక్కడ శివుడికి గుడి కట్టించాడు. ఇలా చనిపోయిన రాజు గుర్తుగా కట్టే గుడిని పళ్ళిప్పడై అంటారు. పల్లికొండేశ్వరుడి శయనం లాగే ఇదీ పళ్ళే, లేవడం మాత్రం లేదు. కాళహస్తికి రాహుకేతు పూజకి వచ్చే వేలమందిలో అటువైపు వెళ్ళేవాళ్ళు తక్కువ.

నేను వెళ్ళిన రోజు అక్కడ పెద్దగా ఎవరూ లేరు. ఆవరణలో నీడ చూసుకుని ఒకాయన తుండుగుడ్డ తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పక్కనే చేతికర్ర ఉంది, దూరంగా గొర్రెలు మేస్తున్నాయి. చరిత్ర గురించి అడుగుదామని దగ్గరిదాకా వెళ్ళి, లేపడం ఎందుకని వెనక్కి వచ్చేశాను.